వదులు అన్నారు, వదిలేశాడు

ఆ రోజు పొద్దున్న మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగడం, తాను పాఠాలు చెప్పే శిక్షణ కేంద్రానికి వెళ్ళడం, పరీక్షకుడి ముందు బావమరిది చేత గోడకి ఒక ఫ్యూజు పెట్టె బిగింపించడం, సాయంత్రానికి వాడి చేత ముందుగది ఖాళీ చేయించడం. కరెంటు సామాను గోడకెక్కించే ఈ కోర్సు పాసైతే పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయం, ఉండడానికి క్వార్టరు కూడా ఇస్తారు. ఉద్యోగం మాట మాస్టారికి పెద్దగా పట్టలేదు. క్వార్టరు మాట విన్నప్పటి నుంచి మాత్రం ఆయన నిద్రలో కూడా నవ్వుతున్నారు.

ముందుగది మాస్టారిది. ఒకప్పుడు అందులో ఆయన పడక్కుర్చీ, ఆయన రేడియో, ఆయన మౌనం ఉండేవి. నాలుగు రోజులుండి పోతానని సంచీతో దిగిన బావమరిది వచ్చిన దారి మరిచిపోయాడు. పడక్కుర్చీ వాడిదైంది, రేడియో వాడిదైంది, మౌనం ఎవరికీ కాకుండా పోయింది. బొద్దింకలకి మందుంది. బావమరుదులకి ఇంకా కనిపెట్టలేదు. కనిపెట్టినా పెళ్ళాలు గుమ్మం దాటి లోపలికి రానివ్వరు.

పోనీ చెడ్డవాడా అంటే కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఏదో వంక పెట్టుకుని తరిమెయ్యొచ్చు. వీడు చెప్పిన మాట జవదాటడు, చెప్పిన మాట తప్ప ఇంకోటి చెయ్యడు. ఆ మధ్య మాస్టారు ఇంట్లో గోడ ఫ్యాను బిగిస్తూ పట్టుకోమంటే పట్టుకున్నాడు. ఎంతసేపో చెప్పలేదు గనక, ఇక చాలనిపించినప్పుడు వదిలేశాడు. ఫ్యాను వెళ్ళి వాళ్ళక్క కుట్టుమిషను మీద పడింది. తిట్లు వెళ్ళి మాస్టారి మీద పడ్డాయి.

"పిల్లలకి పాఠాలు చెప్పి బతికే మనిషి, నా తమ్ముడికి ఒక్క ముక్క సరిగ్గా చెప్పలేకపోయారా?" అంది ఆవిడ.

అప్పుడు చెప్పారు మాస్టారు, సరిగ్గానే.

"ఒరేయ్, బరువు గోడెక్కించేటప్పుడు ఒకడు పట్టుకుంటాడు, ఒకడు బిగిస్తాడు. పట్టుకున్నవాడి చేతులు వాడివి కావు, ఆ సామానువి. ముక్కు దురద పెట్టినా, పైకప్పు కూలినా, 'వదులు' అన్నమాట చెవిన పడేదాకా వదలకు."

"పడ్డాక?"

"పడ్డాక వదిలెయ్."

"ఎవరన్నా సరేనా బావగారూ?"

"పని దగ్గరున్న పెద్దవాళ్ళు ఎవరన్నా సరే."

వీడికి కూడా తెలివైన ప్రశ్న వచ్చిందే అని మాస్టారు ఆ రాత్రి భార్య దగ్గర మెచ్చుకున్నారు కూడా.

పరీక్షకుడు చెప్పిన వేళకే వచ్చారు. పొడుగాటి మనిషి, నవ్వితే జీతం కోస్తారన్నట్టుండే మొహం. నోటిని కూడా జేబులాగే బిగించుకుని, ఒక్కో మాటే విదిల్చే రకం. గదిలోకి వస్తూనే "గోడ" అన్నారు. మాస్టారు గోడ చూపించారు. ఏళ్ళ తరబడి విద్యార్థులు తొలిచి తొలిచి జల్లెడ చేసిన గోడ అది. పక్కన అరమీద, ఎక్కడన్నా నిప్పంటుకుంటే చల్లడానికి ఇసక బాల్చీ, దానికవతల మాస్టారు స్వయంగా రంగులేసి వేలాడదీసిన చెక్క బోర్డు. 'భద్రత మన చేతుల్లోనే ఉంది' అని దాని మీద అక్షరాలు.

"పెట్టె" అన్నారు పరీక్షకుడు.

బావమరిది ఇనప పెట్టెని ఎత్తి గోడకి ఆనించి పట్టుకున్నాడు. వాడికి జోడీగా వచ్చినాయన, బక్కాయన అని అందరూ పిలిచే నడివయసు మనిషి, నిచ్చెనెక్కి మొదటి స్క్రూ గట్టిగా బిగించాడు. రెండోది సగం తిప్పాడు. పరీక్షకుడు దగ్గరికొచ్చి, ఆ రెండోదాన్ని రెండు వేళ్ళతో పట్టి కదిపి చూశారు. కదిలింది.

"వదులు" అన్నారు.

బావమరిది వదిలేశాడు.

మన భాషలో కొన్ని మాటలు ఇద్దరు పెళ్ళాల మొగుళ్ళు. ఏ పూట ఏ ఇంట్లో ఉంటాయో వాటికే తెలియదు. స్క్రూ వదులుగా ఉందని ఆయనన్నారు. వదలమన్నారని వీడు విన్నాడు. పెట్టె ఒక్క స్క్రూ మీద గడియారం లోలకంలా ఊగి, అర మీదున్న బాల్చీని తన్నింది. బాల్చీ దొర్లి నేలంతా ఇసక పరిచింది, పరీక్షకుడి బూట్లు పూడ్చింది. బక్కాయన నిచ్చెన మీంచి ఒక్క దూకు దూకాడు.

"ఎందుకు వదిలావ్?"

"మీరే కదండీ అన్నారు."

"నేనా?"

"అందరూ విన్నారండీ." బక్కాయన అవునన్నట్టు తలూపాడు.

మాస్టారు బావమరిదిని రెక్కపట్టి మూలకి లాక్కెళ్ళారు. "ఒరేయ్ పుణ్యాత్ముడా, ఆయన వదులంటే బిగింపు చాల్లేదని అర్థం. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే ఇంకా గట్టిగా బిగించాలన్నమాట. వదలకూడదు. బుర్రకెక్కిందా?"

"మీరు వదులంటే వదలాలి. ఆయన వదులంటే బిగించాలి."

"అదీ. నా ముందుగది నీ బుర్ర మీద ఆధారపడుంది, గుర్తుపెట్టుకో."

పరీక్షకుడు బూట్లు దులుపుకుని, బక్కాయన చేతిలో స్క్రూడ్రైవరు లాక్కున్నారు. "నేను చూపిస్తా" అని నిచ్చెనెక్కారు. అధికారులకి ఇదొక జబ్బు. కింద నిలబడి తప్పులు పట్టినంతసేపూ అందరూ క్షేమంగా ఉంటారు, చేసి చూపిస్తామన్నప్పుడే ఊరికి ముప్పు. నిచ్చెన కాళ్ళు ఇసకలో ఉన్నాయి. ఆయన అవతలి స్క్రూ అందుకోడానికి వంగగానే నిచ్చెన ఆయనతో పనిలేనట్టు ఇవతలికి జారింది.

"ఆయన్ని పట్టుకోరా" అని మాస్టారు కేకేశారు.

బావమరిది పట్టుకున్నాడు. గాల్లో ఉన్న మనిషిని మోకాళ్ళ దగ్గర రెండు చేతులా వాటేసుకుని నిలబడిపోయాడు. ఆయన ఆసరాకి చేతికందిన బోర్డు పట్టుకుంటే, అది మేకుతో, మేకు చుట్టూ ఉన్న పెచ్చుతో సహా ఊడొచ్చింది. భద్రత నిజంగానే ఆయన చేతుల్లోకి వచ్చింది.

"వదులు" అన్నారు పరీక్షకుడు.

బావమరిది బిగించాడు.

"వదులు, వదులు."

ఇంకాస్త బిగించాడు. తలెత్తి, వినయంగా, "ఇంకా వదులేనా అండీ?" అని అడిగాడు.

"ఒరేయ్, వదిలెయ్ రా ఆయన్ని" అన్నారు మాస్టారు నెత్తి కొట్టుకుంటూ.

"మీరు వదలమంటారు, ఆయన బిగించమంటారు. ఇంతకీ ఇవాళ మార్కులు వేసేది ఎవరు బావగారూ?"

బక్కాయన భయపడి వరండాలోకి పరిగెత్తి, "పట్టేసింది తాతా, పెద్దసారుని పట్టేసింది, వదలట్లేదు" అని అరిచాడు. కంగారులో 'పట్టేశాడు' అనాల్సింది అలా వచ్చింది. గేటు దగ్గర కాపలా తాత లేచాడు. ఏళ్ళుగా తరగతి కిటికీ పక్కనే కూర్చుని పాఠాలు వింటున్న మనిషి. మనిషిని పట్టేసి వదలనిది ఆ కట్టడంలో ఒకటే, కరెంటు. తాత ముందు వెళ్ళి మెయిన్ స్విచ్చి ఆపాడు. ఫ్యాన్లు ఆగాయి, దీపాలు ఆరాయి. తర్వాత ఎండిన చీపురుకర్ర తీసుకుని, ఒక చెక్క బల్ల లాక్కొచ్చి దాని మీద నిలబడ్డాడు. కరెంటు ఎవరిలోంచి ఎవరిలోకి పాకిందో తెలియలేదు గనక ఇద్దరికీ సమానంగా వడ్డించాడు.

మోచేతి మీద దెబ్బ తగిలాక బావమరిది చేతులు వాటంతటవే విడిపోయాయి. వాడు ఇసక మీద పడ్డాడు, పరీక్షకుడు వాడి మీద పడ్డారు, బోర్డు ఆయన మీద పడింది. తాత పాఠంలో తర్వాతి అంకానికి వచ్చాడు. బోర్డు తీసి పక్కన పెట్టి, పరీక్షకుణ్ణి వెల్లకిలా తిప్పి, గుండెల మీద రెండు అరచేతులూ ఆనించాడు.

"నేను బతికే ఉన్నాను" అన్నారు పరీక్షకుడు.

"మొదట్లో అలాగే అనిపిస్తుంది సార్. కదలకండి."

అరగంట తర్వాత ఆఫీసు గదిలో పరీక్షకుడు నడుం పట్టుకుని టీ తాగుతున్నారు. గోడవారన మాస్టారు, బావమరిది, బక్కాయన, తాత వరసగా నిలబడ్డారు. మాస్టారి కళ్ళ ముందు పడక్కుర్చీ కనిపిస్తోంది. అందులో బావమరిది ముసలివాడవుతూ కనిపిస్తున్నాడు.

పరీక్షకుడు కప్పు దించి, ఆ పూట మొదటిసారిగా నాలుగు వాక్యాలు వరసగా మాట్లాడారు.

"మెయిన్ ఆపకుండా మనిషిని ముట్టుకోలేదు, ఎండు కర్ర వాడాడు, చెక్క మీద నిలబడ్డాడు. కాపలా మనిషికి ఇంత తెలిసిన కేంద్రం నేనెక్కడా చూడలేదు. ఆ పెట్టె అంత ఊగినా మొదటి స్క్రూ ఊడలేదు, కాబట్టి బక్కాయన పాసు. ఇక ఇతను..." అని బావమరిది వైపు తిరిగి ఊపిరి తీసుకున్నారు. "ఇతను పట్టుకున్నాడు గనక నా నడుం నాకు దక్కింది. కొట్టేదాకా వదల్లేదు. పాసు."

మాస్టారి మొహం వెలిగింది. "ఆసుపత్రికి రేపే పంపేస్తానండి. క్వార్టరు తాళాలు..."

"ఆసుపత్రికెందుకు? ఇలాంటి పట్టు కొత్తవాళ్ళకి నేర్పాలి. ఇక్కడే సహాయకుడిగా వేస్తున్నాను. ఉండడానికి అక్క ఇల్లు ఉందన్నాడు, ఆ ఇబ్బంది కూడా లేదు." ఆయన బల్ల మీదున్న బోర్డు తిప్పి, వెనక వేలాడుతున్న మేకు చూపించారు. "ఇదెవరు బిగించారు?"

మాట్లాడకూడదన్న ఇంగితం అందరికీ ఉంది, ఒక్కడికి తప్ప.

"మా బావగారేనండి. ఆయన చేత్తోనే" అన్నాడు బావమరిది గర్వంగా.

"ఒక్క మేకు. అదీ పెచ్చులూడే గోడకి, బరువు చూడకుండా. మాస్టార్లకి మళ్ళీ నేర్పే కోర్సు ఒకటుంది, అక్కడే హాస్టల్లో ఉండాలి. రేపే బయల్దేరండి. మీరొచ్చేదాకా తరగతి ఇతను చూస్తాడు."

ఇంట్లో ఆవిడ ఒక కంటితో తమ్ముడి ఉద్యోగానికి మురిసిపోతూ, రెండో కంటితో మొగుడి పెట్టె సర్దింది. "శిక్షణలోనే శిక్ష ఉందంటే ఏమో అనుకున్నాను" అంది.

"ఇంటి గురించి బెంగ పెట్టుకోకండి బావగారూ, నేనున్నాను" అన్నాడు బావమరిది పడక్కుర్చీలోంచి.

"నా బెంగ అదేరా" అన్నారు మాస్టారు.

హాస్టల్లో ఆయనకిచ్చిన గది అగ్గిపెట్టెంత. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. మాస్టారు ఆ సగంలోంచి పక్కవాటుగా దూరి, మంచం మీద కూర్చున్నారు. రేడియో లేదు. పక్కగదిలో ఎవరూ లేరు. బావగారూ అని పిలిచే ప్రాణి కనుచూపు మేరలో లేదు. ఆయన కాళ్ళు చాపుకుని, గోడవైపు చూస్తూ చాలాసేపు ఊరికే కూర్చున్నారు.

కోర్సు చివర జరిగిన పరీక్షలో మాస్టారు నాలుగు స్క్రూల్లో మూడే బిగించి, తప్పినవాళ్ళు హాస్టల్లో ఇంకా ఎన్నాళ్ళు ఉండాలో కనుక్కున్నారు.