పలకరాయితో మిక్సీ పదును

రండి, ఇట్లా దగ్గరికి జరగండి. అరుగు మీద గుసగుసలాడేవాళ్ళు కాసేపు ఆపండి. ఫోన్లో రీల్సు చూసేవాళ్ళు సౌండన్నా తగ్గించండి, చూడ్డం ఎలాగూ మానరు. మార్కాపురంలో మన వార్డు మొద్దు బ్లేళ్ళ పీడ వదిలించుకున్న వైనం చెప్తాను, వినండి.

ఆ సోమవారం పొద్దున ఆటోకు కట్టిన మైకు వీధివీధికీ ఈ మాట మోసుకుపోయింది: "వార్డు ఆడపడుచులకు శుభవార్త. మన ప్రియతమ వార్డు ఇన్‌ఛార్జి ఉమామహేశ్వర్లు గారి సారథ్యంలో 'మిక్సీకి మరింత పదును' మహత్తర కార్యక్రమం. ఆదివారం ఎమ్మెల్యే గారి చేతుల మీదుగా చట్నీ ఆవిష్కరణ. అందరూ జార్లతో తరలి రావాలి."

ఆ ప్రకటన రాసిందీ, మైకులో చదివిందీ, 'ప్రియతమ' అనే ముక్క అతికించిందీ ఉమామహేశ్వర్లే. ఆ ముక్క ఇంకెవరైనా అంటారేమోనని చాలా ఏళ్ళు చూసి ఆశ వదులుకున్నాడు. పార్టీలో తన స్థాయి గురించి అతనికి భ్రమల్లేవు. ఎమ్మెల్యే పక్కన తీసిన ప్రతి ఫోటోలోనూ అతను ఉంటాడు, ఒక చెవి వరకు.

ఆ చెవిని మొహంగా మార్చుకునే రోజు వచ్చింది. మునిసిపల్ ఎన్నికల్లో కౌన్సిలర్ టికెట్ ఇస్తానని ఎమ్మెల్యే మాటిచ్చాడు. అడ్డం ఒక్కటే. పోయిన ఎన్నికలప్పుడు పార్టీ ఇంటింటికీ పంచిన మిక్సీల బ్లేళ్ళు మొద్దుబారాయి. పల్లీలు వేసి తిప్పితే పల్లీలే బయటికొస్తున్నాయి, కాస్త వేడెక్కి. ఆడవాళ్ళు రోజూ జార్లు పట్టుకుని ఉమామహేశ్వర్లు వాకిట్లో నిలబడుతున్నారు.

"ఆదివారం నా కారు ముందు ఒక్క ఖాళీ జారు కనపడినా టికెట్ మాట మర్చిపో," అన్నాడు ఎమ్మెల్యే.

ఉమామహేశ్వర్లు నేరుగా మిక్సీలు బాగుచేసే హమీద్ దుకాణానికి పోయాడు.

"బ్లేడు మార్చాల అన్నా. పెద్ద పనేం కాదు," అన్నాడు హమీద్.

"మారిస్తే పాతది చెడిపోయిందని ఒప్పుకున్నట్టు గదా. మా పార్టీ ఇచ్చిన బ్లేడు చెడిపోదు."

"అయితే సాన పట్టిద్దాం."

"సాన పడితే మొద్దుబారిందని ఒప్పుకున్నట్టు."

"మరి ఏం జెయ్యమంటావు?"

"పదునుగా ఉన్నదాన్నే ఇంకా పదును చెయ్యాల."

హమీద్ తల గోక్కున్నాడు. "కొందరు కల్లుప్పు ఏసి తిప్పుతారన్నా. పదును సంగతి అల్లాకే తెలుసు గాని, మురికి మాత్రం పోతది."

"కల్లుప్పు యాడిది?"

"చినగంజాం."

ఉమామహేశ్వర్లు మొహం మాడ్చుకున్నాడు. "అది బాపట్ల జిల్లాలోకి పోయింది గదరా. మన బ్లేడుకు పరాయి జిల్లా ఉప్పా? జనం ఏమనుకుంటారు?"

దుకాణం బయట పలకల ఫ్యాక్టరీ వాళ్ళు పారబోసిన రాతిముక్కల కుప్ప ఉంది. మన ఊళ్ళో కత్తి మొద్దుబారితే ఎవరైనా చేసేది ఒకటే, ఒక పలకముక్క తీసుకుని నాలుగు రుద్దులు రుద్దడం. ఉమామహేశ్వర్లు బుర్రలో ట్యూబులైటు కాసేపు కొట్టుకుని వెలిగింది. మిక్సీలో కత్తి దానంతటదే తిరుగుతుంది కాబట్టి రుద్దే శ్రమ కూడా లేదు. మనం పలకముక్క వేసి పక్కన నిలబడితే చాలు. నిలబడ్డంలో అతనికి పార్టీలో మంచి అనుభవం ఉంది.

ఇంటికి పోయి, "ముందు మన మిక్సీలో ఒకసారి చూద్దామా?" అన్నాడు భార్యతో.

"ఇది మీ పార్టీ ఇచ్చింది గాదు, నేను కొనుక్కున్నది," అంది జయలక్ష్మి. "దీన్ని ముట్టుకున్నావంటే టికెట్ సంగతి తర్వాత, మధ్యాన్నం కూడు సంగతి చూసుకో."

దాంతో ప్రయోగదశ ముగిసి, పథకం నేరుగా అమలుదశకు చేరింది.

శనివారం ఇంటింటికీ ఒక కవరులో పలకముక్కలు పంచారు. కవరు మీద ఉమామహేశ్వర్లు బొమ్మ, ఈసారి రెండు చెవులతో. మైకులో "వన్, టూ, త్రీ" అన్నాడు. వార్డంతా ఒక్కసారి స్విచ్చి వేసింది. దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్‌లో లారీలన్నీ కలిసి గేరు మార్చినట్టు మోత. కాసేపటికి ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని, వార్డు ప్రశాంతమైంది.

పక్కింటి రజియా బేగం జారు మూత తీసింది. లోపల నల్లటి పిండి. బ్లేడు గరిటె వీపులా నున్నగా తయారైంది.

"పల్లీ నలగలేదు గాని పలక నలిగింది. ఇదేం మిక్సీ అన్నా?"

"చూసినావా చెల్లెమ్మా, రాయిని పిండి చేసినాది. ఏ పార్టీ ఇచ్చినాదో గుర్తుపెట్టుకో."

"నా జారుకు అడుగున బొక్క పడింది మామా," అంది సుబ్బరత్నమ్మ.

"నీళ్ళు ఎక్కువైతే కారిపోడానికమ్మా."

ఆ మాటలు తన నోట్లోంచే వస్తున్నాయని ఉమామహేశ్వర్లుకు తెలుసు. సిగ్గుపడదామనుకున్నాడు గానీ మర్నాడే ఆదివారం, సిగ్గుకు టైము లేదు. ఇంటికొచ్చి మంచం మీద పడి, చెవులు రెండూ మూసుకున్నాడు.

ఆదివారం తెల్లారేసరికి పెరట్లో పొత్రం చప్పుడు. జయలక్ష్మి రోలు ముందేసుకుని పల్లీల చట్నీ నూరుతోంది. పక్కన రజియా బేగం పల్లీల పొట్టు చెరుగుతోంది.

"నాకోసమా?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"నీకోసం కాదులే. టికెట్ రాకపోతే ఐదేళ్ళు ఇంట్లోనే కూర్చుంటావు. భరించేది ఎవరు?"

గంగాళమంత చట్నీ. ప్రతి ఆడమనిషి జారులోనూ రెండు గరిటెలు పోసింది. సుబ్బరత్నమ్మ తన జారు బొక్కకు వేలు అడ్డం పెట్టి పట్టుకుంది. ఎమ్మెల్యే కారు దిగేసరికి ఎటు చూసినా నిండు జార్లే.

వేదిక మీద జనరేటరుకు తగిలించిన మిక్సీ మీట ఎమ్మెల్యే నొక్కాడు. నూరిన చట్నీ జారులో మర్యాదగా నాలుగు చుట్లు తిరిగింది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని, ఆయన కళ్ళు మూశాడు.

"వెన్నలాగుంది. ఈ పదును ఎవరి ఆలోచనయ్యా?"

"నాదే సార్. మన మార్కాపురం పలక."

ఎమ్మెల్యే అతన్ని మైకు ముందుకు లాగి భుజం మీద చెయ్యేశాడు. "ఇంత తెలివైన మనిషిని కౌన్సిలర్ చేసి ఒక్క వార్డుకు కట్టేస్తే జిల్లాకు అన్యాయం చేసినట్టే. గిద్దలూరు నుంచి పుల్లలచెరువు దాకా పడమటి మండలాలన్నిటికీ ఇతనే మిక్సీ పదును కన్వీనర్. గౌరవ హోదా, జీతం గీతం అడగడు. ఈ వార్డు టికెట్ మా బామ్మర్ది మోస్తాడు."

బామ్మర్ది దండం పెట్టి, ఇది ఏ వార్డని పక్కనున్నవాణ్ణి అడిగాడు. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే ముందు కొట్టింది ఉమామహేశ్వర్లే, అలవాటు కొద్దీ.

జయలక్ష్మి అరచేతుల్లో బొబ్బలు ఊదుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. "ఏమయ్యా కన్వీనరూ, గిద్దలూరు చట్నీ గూడా నన్నే నూరమంటావా?"

అతను నోరు తెరిచేలోపు, మీటింగు చూడ్డానికి బేస్తవారిపేట నుంచి వచ్చిన ఏబేలు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. దోసిట్లో చట్నీ.

"మామా, చట్నీ మీ పార్టీ ఇచ్చె. ఇడ్లీలు ఏ పార్టీ ఇస్తదో రవంత కనుక్కోని చెప్పు, అందాక నేను చెయ్యి కడుక్కోను."