దించని చెయ్యి

పెట్టుబడులు తెస్తానని ఐరోపా వెళ్లిన అధినేత గారు అంతకన్నా విలువైనవి తెచ్చారు. ఆ సంగతి విమానం దిగగానే ఆయనే ప్రకటించారు. ఎప్పుడో మూడొందల ఏళ్ల కిందట అక్కడి చిత్రకారుడొకడు రాగిరేకు మీద చెక్కి, కాగితం మీద అచ్చేసిన మన సాధువుల బొమ్మలవి. ఒకాయన ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఒకాయన మేకుల మీద హాయిగా పడుకున్నాడు. ఇంకొకాయన కుడిచెయ్యి ఆకాశానికెత్తి, గోళ్లు బారెడు పెరిగినా దించకుండా ఉన్నాడు. అందరికీ ఉంగరాల జుట్టు, సూదిముక్కు, సున్నం కొట్టినట్టు తెల్లటి ఒళ్లు. వెనక ఉన్న గుడి గోపురం మీద గాలివాటు చూపించే ఇనప కోడిపుంజు కూడా ఉంది.

బొమ్మ కింద ఏదో విదేశీ భాషలో సన్నటి అక్షరాలున్నాయి. తాను పుట్టిన ఊరు దాటలేదనీ, ఓడ దిగినవాళ్లు చెప్పింది విని గీశాననీ చిత్రకారుడు దాపరికం లేకుండా రాసుకున్నాడు. అవి చదవగలిగిన మనిషి పురావస్తు శాఖ అధికారి ఒక్కడే. ఆయన పదవీకాలం పొడిగింపు ఫైలు అప్పటికి అధినేత గారి బల్ల మీదే ఉంది.

"ఏం రాశాడయ్యా?" అని అడిగారు అధినేత గారు.

"కళ్లారా చూసి గీశాడట సార్," అన్నాడు అధికారి.

బొమ్మలను చట్టసభ హాల్లోనే తగిలించారు. ప్రారంభోత్సవం రోజున చూద్దామని నిజం సాధువొకాయన వస్తే, బొమ్మల్లో ఉన్నట్టు లేడని గేటు దగ్గరే ఆపేశారు. లోపల అధినేత గారు చెయ్యెత్తిన సాధువు ముందు ఆగి కళ్లు తుడుచుకున్నారు. "పన్నెండేళ్లట, దించలేదట. మన సభ్యులున్నారు, ఓటింగుకి పది నిమిషాలు ఎత్తమంటే క్యాంటీన్లో ఉంటారు," అన్నారు. అందరూ నవ్వారు. వెనక బెంచీ ఆయన మాత్రం నవ్వలేదు.

వెనక బెంచీ ఆయనంటే నాలుగుసార్లు గెలిచి, నాలుగుసార్లూ ఆ బెంచీలోనే కూర్చున్న సభ్యుడు. మంత్రివర్గం మారుతుందని తెలిసిన ప్రతిసారీ కొత్త చొక్కా కుట్టించుకుని ఫోను పక్కన కూర్చునేవాడు. చొక్కాలతో బీరువా నిండింది గానీ ఫోను మోగలేదు. తన తర్వాత వచ్చిన కుర్రకారు కూడా మంత్రులై, ఎదురుపడితే భుజం తట్టి పోయేవారు. ఈసారి కూడా రాకపోతే ఇంటికొచ్చే కార్యకర్తలకు టీలు కాచేది లేదని భార్య తేల్చి చెప్పింది.

మర్నాడు పొద్దున్నే ఆయన కుడిచెయ్యి ఎత్తాడు. భార్య పెట్టిన టీ చల్లారకముందే అది దానంతటదే దిగిపోయింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ దిగింది. అప్పుడే వచ్చిన బావమరిది ఈ అవస్థ కాసేపు చూశాడు. అతనికి బజార్లో బట్టల షాపుంది.

"తపస్సు చెయ్యాల్సింది చెయ్యే కదా బావా. మధ్యలో నువ్వెందుకు?" అన్నాడు.

సాయంత్రానికి షాపు అద్దాల్లో నిలబెట్టిన ఆడబొమ్మకు ఒక చెయ్యి తక్కువైంది. దాన్ని ఆకాశానికెత్తినట్టు భుజానికి పటకాతో బిగించి, పైన చొక్కా తొడిగారు. అసలు చెయ్యి లోపల పొట్ట మీద విశ్రాంతిగా ఉండిపోయింది. భార్య చుట్టూ తిరిగి చూసి, "గోళ్లకు రంగుంది, తుడుచుకోండి," అని మాత్రం అంది.

అధినేత గారి మీద విశ్వాసం ఉన్నన్నాళ్లూ ఈ చెయ్యి దించనని వెనక బెంచీ ఆయన విలేకరులను పిలిచి ప్రకటించాడు. అన్ని పత్రికలూ మొదటి పేజీలో వేశాయి. అధినేత గారు ఆయన్ని సాధువు బొమ్మ పక్కన నిలబెట్టించారు. పురావస్తు శాఖ అధికారి భూతద్దం పెట్టి రెండు చేతులనూ పోల్చాడు. అదే తెలుపు, అవే సన్నటి వేళ్లు. ప్రాచీన సంప్రదాయం చెక్కుచెదరలేదని అక్కడికక్కడే సర్టిఫికెట్టు రాసిచ్చాడు. మంత్రి పదవి ఖాయమని అధినేత గారు అందరి ముందూ మాటిచ్చారు. ఇంట్లో టీలు మళ్లీ మొదలయ్యాయి.

మంత్రివర్గ విస్తరణ ఇంకో వారంలో ఉందనగా ప్రతిపక్షం అవిశ్వాస తీర్మానం పెట్టింది. ప్రభుత్వానిది బొటాబొటీ మెజారిటీ. తీర్మానాన్ని సమర్థించేవాళ్లు చేతులెత్తమని సభాధ్యక్షుడు అన్నాడు. ప్రతిపక్షం చేతులు లేచాయి. ఇటువైపు వెనక బెంచీలో ఒక చెయ్యి ముందే లేచి ఉంది.

అధినేత గారు గబగబా వెనక్కి వచ్చారు. "దించవయ్యా."

"మొక్కు సార్."

"ఆ మొక్కు నాకోసమేగా. నేనే చెబుతున్నా, దించు."

"దించితే చెయ్యి పోతుంది సార్," అన్నాడాయన, ఉన్నదున్నట్టు. టీవీ కెమెరాలు ఆయన మీదే ఉన్నాయి. చొక్కాలోపల అసలు చెయ్యి మాత్రం అధినేత గారికి సలాం కొడుతూనే ఉంది.

సభాధ్యక్షుడు ఆ చేతిని లెక్కలో వేసుకున్నాడు. వ్యతిరేకించేవాళ్లు ఎత్తమన్నప్పుడూ అది అలాగే ఉంది గానీ, ఒక మనిషికి ఒకటే ఓటని రూలింగు ఇచ్చాడు. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది.

అది అంతరాత్మ ఎత్తిన చెయ్యి అని ప్రతిపక్ష నాయకుడు కంటతడి పెట్టుకున్నాడు. గద్దె ఎక్కగానే వెనక బెంచీ ఆయన్ని మంత్రిని చేశాడు. బొమ్మలను హాల్లోనే ఉంచమన్నాడు. అధికారిని కూడా ఉంచమన్నాడు.

ప్రమాణస్వీకారం పెద్ద మైదానంలో జరిగింది. ఆయన ఎడమచేత్తో సంతకం పెట్టాడు. ముందు వరసలో భార్య, బావమరిది కూర్చున్నారు. అప్పుడు కొత్త నాయకుడు మైకు అందుకుని, ఈ మహానుభావుడి దీక్ష ఫలించింది కాబట్టి ఆ చేతిని తన చేతులతో తానే దించుతానన్నాడు. ఇంటికెళ్లి దించుకుంటానని కొత్త మంత్రి ఆయన చెవిలో బతిమాలాడు.

"మీరు కష్టపడకండి, నేనున్నాగా," అంటూ కొత్త నాయకుడు మణికట్టు దగ్గర పట్టుకుని గట్టిగా లాగాడు.

చెయ్యి ఆయన చేతిలోకి వచ్చేసింది.

కొత్త నాయకుడు దాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తలకన్నా ఎత్తుగా లేపి, జనం వైపు మెల్లగా ఊపాడు. చివరి వరస దాకా చప్పట్లు మోగాయి. మంత్రిగారి చొక్కా గుండీల మధ్య నుంచి అసలు చెయ్యి బయటికొచ్చి, అందరితో పాటు చప్పట్లు కొట్టింది.