బోడగుట్ట తండా ప్రతిధ్వని సంగ్రామం

కల్లాలలో ఆరబోసిన ఎర్రమిరప ఘాటును మూపున మోసుకొచ్చిన గాలి మానవమాత్రుల నాసికాపుటాలపై దండయాత్ర సాగిస్తున్న మాఘమాసాన, సకల భూమండలానికి తానే కేంద్రమన్న సంగతి తనకే తెలియక విరాజిల్లుతున్న బోడగుట్ట తండాలో, రేకుల కప్పూ రెండు గదులూ ఒక చేతిపంపూ గల ప్రాథమిక పాఠశాల అనే అభేద్య మహాదుర్గంలో, సోమవారం పదిన్నర గంటల శుభముహూర్తాన, ఆంగ్లభాషా నిమిత్తమై ఒక ఘోరసంగ్రామం మొదలైంది. శంఖం లేనందువల్ల గుమ్మానికి వేలాడే రైలుపట్టా ముక్కను సుత్తితో మూడుసార్లు కొట్టారు.

ఆ సంగ్రామానికి ఏకైక సేనాని సుమన టీచరు. రేగొండ దగ్గరి తండాలో పుట్టి, అక్కడి బడిలోనే అక్షరాలు దిద్ది, భూపాలపల్లిలో డిగ్రీ ముగించిన ఆ మితభాషిణి, ఆ మృదుపదగామిని, ఆ శ్వేతసుధాఖండధారిణి (అనగా చేతిలో సుద్దముక్క ఉన్నది), మానుకోటలో అయిదు దినాల శిక్షణలో ఇంగ్లీషు బోధనా పద్ధతులనే దివ్యాస్త్రాలను ఉపదేశం పొంది, వాటన్నిటినీ ఒక నీలం ఫైలులో దాచుకొని యుద్ధభూమికి విచ్చేసింది.

శత్రువు పిల్లలు కారు. మూడు, నాలుగు, అయిదు తరగతుల ముప్పై ఒక్క మందీ ఆమెకు ప్రాణం. శత్రువు వాళ్ల కంఠాలలో కాపురమున్న ప్రతిధ్వని.

"వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని ఆమె మొదటి బాణం సంధించింది, అయిదో తరగతి వెంకటేశ్ వైపు.

వెంకటేశ్ లేచాడు. చేతులు కట్టుకున్నాడు. గుండెనిండా ఊపిరి పీల్చి, "వాట్ ఈజ్ యువర్ నేమ్!" అని గర్జించాడు. మరుక్షణం ప్రళయకాల మేఘగర్జనలా ముప్పై కంఠాలు అందుకున్నాయి. "వాట్ ఈజ్ యువర్ నేమ్!" రేకులు దద్దరిల్లాయి. చేతిపంపు దగ్గర మేక ఒకటి నెమరు ఆపింది.

"నో, నో!" అంది సుమన.

"నో, నో!" అన్నది సైన్యం.

"అరె, నేనన్నది అనొద్దుర్రా!"

"అరె, నేనన్నది అనొద్దుర్రా!"

ఆ నినాదాన్ని విని పక్క గదిలోంచి చిరునవ్వుతో వచ్చి గుమ్మంలో నిలిచినవాడు ప్రధానోపాధ్యాయుడు కృష్ణమూర్తి. జనగామ కిరాణా వర్తకుల వంశపయోధిలో ఉదయించి, ప్రతి ఉదయం రైలు అనే రథం మీద ఆమడల కొద్దీ ప్రయాణించి, ఇరవై రెండేళ్లుగా "నేనన్నది అనుండ్రి" అనే ఒకే ఒక్క మంత్రంతో తండా పిల్లలకు ఇంగ్లీషు నేర్పిన మహానుభావుడు. ఆ ప్రతిధ్వనికి జనకుడు, పోషకుడు, ఆరాధకుడు ఆయనే.

"ఏందమ్మా సుమనా, శురువాతులనే పరేషాన్ అయితున్నవ్?" అన్నాడు. "ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినోళ్లు గీ గొంతులు ఇని కుర్చీలకెల్లి లేసి చప్పట్లు కొట్టిండ్రు, ఎరికేనా? గిసొంటి పిల్లలు జిల్లాల లేరు."

"అంటున్నరు సార్. కని చెప్తలేరు."

"అనుడే చెప్పుడు. ఇంకేముంటది?" ఆయన నవ్వి, గడియారం సవరించుకున్నాడు. "సరే, ఒక పని చేద్దాం. శుక్రవారం అన్నం గంట కొట్టేలోపట, ఒక్కలంటే ఒక్కలు, ఇంగ్లీషుల అడిగినదానికి ఇంగ్లీషుల జవాబు చెప్పాలె. చెప్తే ఇంగ్లీషు పీరియడ్ నీదే, నేను అడుగు పెట్ట. చెప్పకుంటే పీరియడ్ నాకిచ్చేసి, ఒకటో తరగతోళ్లతోని అఆలు దిద్దిపియ్యి."

ఆ మాటలు చెవిని పడగానే సుమన హృదయం ఇట్లు గర్జించెను: "ఓయీ ప్రతిధ్వనిపోషకా! చిలుకలకు తల్లిదండ్రులుండరా, వాటికి ఆకలిదప్పులుండవా? ఈ ముప్పదియొక్క కంఠముల కారాగారద్వారములను బద్దలుకొట్టి, ఒక్క సొంతమాటనైనను వెలికి తీయక నేను సుద్ద పట్టను, బల్ల తుడవను, హాజరు పిలువను!"

నోటి వెంట మాత్రం, "సరే సార్" అని వచ్చింది.

అంత ఆగ్రహం ఊరకే పుట్టలేదు. మూడేళ్ల కిందట జనగామలో ఒక ప్రైవేటు బడికి ఇంటర్వ్యూకు వెళ్లింది సుమన. బల్లకు అవతల నలుగురు పెద్దమనుషులు చాయ్ తాగుతున్నారు. "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని ఒకాయన అడిగాడు. పేరు తెలియనిదా? డిగ్రీ పట్టా ఒళ్లోనే ఉంది, దాని మీద అచ్చువేసి కూడా ఉంది. కానీ చిన్నప్పటి బడి ఒక్కసారిగా లేచి నిలబడి, ఆమె చేతులు కట్టించి, ఆమె నోటితో, "వాట్ ఈజ్ యువర్ నేమ్ సార్" అనిపించింది. ఆయన తన పేరు చెప్పాడు. మిగతా ముగ్గురి చాయ్ బల్ల మీద ఒలికింది. ఆ నవ్వు బస్సెక్కి ఆమెతోపాటే రేగొండ దాకా వచ్చింది. ఈ ముప్పై ఒక్క మందిలో ఒక్కరైనా ఆ బల్ల ముందు అలా నిలబడకూడదని ఆమె పట్టుదల.

మంగళవారం వస్తుప్రదర్శనాస్త్రం ప్రయోగించింది. నవనవలాడే గుత్తివంకాయను గగనానికెత్తి, "వాట్ ఈజ్ దిస్?" అంది. "వాట్ ఈజ్ దిస్!" అని వంకాయ తొడిమ వణికేలా బదులొచ్చింది. ఆ వీరవంకాయ మధ్యాహ్నం కూరలో వీరస్వర్గం అలంకరించింది.

బుధవారం అభినయాస్త్రం. చెప్పినది చేసి చూపిస్తే పిల్లలు మాటకు అర్థం పట్టుకుంటారని ఫైలులో ఉంది. "స్టాండప్" అంటూ లేచింది. అందరూ అరుస్తూ లేచారు. "సిట్ డౌన్" అంటూ కూర్చుంది. అరుస్తూ కూర్చున్నారు. ఆశ ఇంకా చిగురించక మునుపే కల్లాల గాలి ఆమె ముక్కులో దూరింది. సుమన తుమ్మింది. ముప్పై ఒక్క మంది ఏకకాలంలో తుమ్మారు. ఆమె నుదురు కొట్టుకుంది. ముప్పై ఒక్క నుదుళ్లు టప్పున మోగాయి. పక్క గదిలో కృష్ణమూర్తి సారు ఎంతసేపు నవ్వాడో గోడకు తెలుసు.

గురువారం, సర్వాస్త్రాలూ నిష్ఫలమైన వేళ, మౌనాస్త్రం. టీచరు మాట్లాడకపోతే పిల్లలే మాట్లాడక తప్పదని శిక్షణలో ఒకాయన బల్ల గుద్ది చెప్పాడు. సుమన పెదవులు బిగించి నిలబడింది. ముప్పై ఒక్క జతల పెదవులు బిగుసుకున్నాయి. నలభై నిమిషాలు. ఈగ వాలిన చప్పుడు వినిపించింది. బడిలో వంట చేసే తుల్సీబాయి కొంగు సవరించుకుంటూ లోపలికి తొంగిచూసి, "ఎవలన్న సచ్చిపోయిండ్రా ఏంది టీచరమ్మా?" అని గుసగుసగా అడిగింది.

ఇక శుక్రవారం. అన్నం గంటకు పది నిమిషాలుంది. సుమన గొంతు బొంగురుపోయింది, ఫైలులో కాగితాలు అయిపోయాయి. గుమ్మంలో కృష్ణమూర్తి సారు గడియారం చూసుకుంటూ, గెలిచినవాడి మర్యాదతో గొంతు సవరించుకోకుండా నిలబడ్డాడు. ఆ వేళ ఉడికిన కోడిగుడ్ల గిన్నె చంకన పెట్టుకొని, ఎంతమంది వచ్చారో కనుక్కోవడానికి తుల్సీబాయి లోపలికి అడుగుపెట్టింది. మునిగేవాడి చేతికి దుంగ దొరికినట్టు సుమన ఒక గుడ్డు అందుకొని, ఎవరి వైపూ చూడకుండానే, "డూ యూ వాంట్ ఎగ్?" అంది.

"డూ యూ వాంట్ ఎగ్!" అని సైన్యం ఘోషించింది, తుల్సీబాయి ముఖం మీదికే.

తుల్సీబాయి అదిరిపడింది. "నో, నో! నాకొద్దు బిడ్డా, ఇయ్యాల ఒక్కపొద్దున్న" అంది.

సుమన చేతిలో గుడ్డు అక్కడే ఆగింది.

జవాబు! నాలుగు దినాలుగా దివ్యాస్త్రాలకు లొంగనిది, బడి ముఖం చూడని తుల్సీబాయి నోట, గిన్నె దించకుండానే రాలిపడింది. ఎందుకు? ఆమె వరుసలో లేదు. ఎదురుగా ఉంది. వరుసలో నిలబడ్డవారికి అది పాఠం, ఎదురుగా నిలబడ్డవారికి అది ప్రశ్న!

"గామె హాజరుపట్టీల లేదు సుమనా, లెక్కల రాదు" అన్నాడు కృష్ణమూర్తి సారు తొందరగా.

"ఎరికే సార్." సుమన అప్పటికే చివరి వరుసకు దూసుకుపోయింది. అక్కడ మూడో తరగతి దీప ఉంది. తల్లి చీకటితోనే మిరపతోటకు పోతే పొద్దున ఏమీ తినకుండానే బడికి వచ్చిన పిల్ల, ఎప్పుడూ పదిమంది గొంతుల చాటున పెదవులు మాత్రమే కదిపే పిల్ల. చేయి పట్టుకొని తెచ్చి, ముప్పై మందికి ఎదురుగా నిలబెట్టి, గుడ్డును ఆమె ముక్కుకు మూరెడు దూరంలో పెట్టి, సైన్యం వైపు తిరిగింది. "డూ యూ వాంట్ ఎగ్?"

"డూ యూ వాంట్ ఎగ్!"

దీప వెనక్కి తిరిగి చూసింది, ఎవరిని అడుగుతున్నారోనని. వెనక నల్లబల్ల తప్ప ఎవరూ లేరు. గుడ్డు వైపు చూసింది. గిన్నె వైపు చూసింది. కృష్ణమూర్తి సారు గడియారం ముల్లు ముందుకు జరిగింది. దిక్పాలకులు ఊపిరి బిగబట్టారు, తుల్సీబాయి గిన్నె బిగబట్టింది.

దీప పెదవి విప్పింది.

"టూ" అంది.

ఆ మాట టీచరు అనలేదు, సారు అనలేదు, ఎవరూ అనలేదు.

"గదేం జవాబు?" అన్నాడు కృష్ణమూర్తి సారు తేరుకొని. "యెస్, ఐ డూ అనాలె."

సుమన గొంతు జీవితంలో మొదటిసారి పైకి లేచింది. "జవాబు అన్నరు సార్. ఫలానా జవాబని అనలే. పిల్లకు ఆకలైంది, మీ సర్కారు గుడ్డు ఒక్కటి సాలదన్నది. ఇంగ్లీషుల!"

ఆయన దీపను చూశాడు. "ఇరవై రెండేండ్లల నన్నెవ్వలు గిట్ల అడగలే" అన్నాడు మెల్లగా. "పీరియడ్ నీదేనమ్మా."

అంతలో వెంకటేశ్ లేచాడు. ఈసారి చేతులు కట్టుకోలేదు. "త్రీ!" అన్నాడు.

"ఫోర్!" అన్నది కిటికీ పక్క వరుస.

"ఓ సార్, ఆపుండ్రి! మనిషికొక్కటే ఉన్నది!" అంటూ తుల్సీబాయి గిన్నెతో వంటగది వైపు పరుగు లంకించుకుంది. వెనుక ముప్పై ఒక్క కంఠాలు, ముప్పై ఒక్క రకాలుగా.

అష్టదిక్కులలోని బుధజనులారా, ఆలకించండి! ఆ శుక్రవారం, అన్నం గంటకు నిండు రెండు నిమిషాల ముందు, బోడగుట్ట తండా మహాదుర్గంలో, సుమన టీచరు నలభై నిమిషాల విస్తీర్ణం గల ఒక పీరియడ్‌ను జయించి, ఒకే ఒక్క అక్షరం పొడవు గల మాటను విజయధ్వజంగా ఎగరేసింది. దీపకు గుడ్డు మాత్రం ఒక్కటే వచ్చింది.