కొట్టేసిన మాట

విశ్వవిద్యాలయంలో విద్యార్థులు నడిపే రాజకీయ పత్రిక ‘నిలదీత’లో పరిశీలక కమిటీ ఏ మాట కొట్టేస్తే ఆ మాట సంపాదకురాలి నోట్లోంచి కూడా పోయేది. నిబంధనల్లో ఉన్నదే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఎం.ఏ. చదువుతూ పత్రిక బాధ్యత తీసుకున్న ప్రమీలకు మొదట ‘దోపిడీ’ పోయింది. ఆ తర్వాత ‘సిగ్గుచేటు’. అవి లేకుండానే రోజులు గడిచాయి. స్కాలర్‌షిప్పులు ఆగిపోవడం మీద వ్యాసం రాసినప్పుడు కమిటీ ‘ఎందుకు’ కొట్టేసింది. దాని చుట్టాలు ‘దేనికి’, ‘ఏమిటికి’ కూడా వెంటే వెళ్లిపోయాయి.

ప్రమీల డీన్ సుదర్శనాచారి దగ్గరికి వెళ్లింది.

“సార్, ఆ ఒక్క మాట వాపస్ ఇప్పియ్యండి.”

ఆయన మంచివాడు. కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. “నాది కూడా పోయిందమ్మా, రీసెర్చ్ చేస్తున్నప్పుడే. మొదట్ల నాలుక కింద ఖాళీగ అనిపిస్తది. తర్వాత ప్రమోషన్లు మొదలైతయి.”

ఆమె గదికి వచ్చేసరికి రూమ్మేట్ స్వరూప పెట్టె సర్దుకుంటోంది. పుస్తకాలు కూడా లోపల పెట్టేసింది. స్వరూప అడిగితే తప్ప ఏదీ చెప్పుకునే పిల్ల కాదు.

“ఏ బస్సుకే?” అంది ప్రమీల.

“నారాయణఖేడ్ బస్సుకు.”

“తిన్నవా?”

“తిన్న.”

“మళ్ల ఎప్పుడొస్తవ్?”

స్వరూప పెట్టె మూత పట్టుకుని ఆమె మొహంలోకే చూసింది. “ఇంకేమన్న అడుగుతవా అక్కా?”

ప్రమీల ఆమె భుజాలు పట్టుకుంది. పెదవులు ఆ మాట ఆకారానికి వచ్చాయి గానీ గాలి తప్ప ఏమీ రాలేదు. కళ్లనీళ్లు తిరిగాయి. చివరికి, “చున్నీ మర్చిపోయినవ్,” అంది. స్వరూప తలూపి, చున్నీ తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాతి సంచికలో స్వరూప ఊరికి వెళ్లిపోయిన వార్త వచ్చింది. ఊరు, బస్సు, తేదీ అన్నీ సరిగ్గా ఉన్నాయి. కమిటీ ఒక్క అక్షరం కూడా కొట్టేయలేదు. డీన్ ఫోన్ చేసి అభినందించాడు.

ఆ వారమే పత్రికలో చేరడానికి మొదటి ఏడాది పిల్లలు వచ్చారు. వాళ్ల మాటలు ఇంకా ఎవరూ కొట్టేయలేదు. ప్రమీల వాళ్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని స్వరూప వార్త చదివి వినిపించింది. తను అడగలేనిది వీళ్లలో ఒక్కరైనా అడుగుతారేమోనని ఒక్కొక్కరి మొహం చూస్తూ ఆగింది.

పిల్లలు శ్రద్ధగా విన్నారు. కాసేపటికి వెనక కూర్చున్న అమ్మాయి మొహమాటంగా చెయ్యెత్తింది.

“అక్కా, ఆమె మంచం ఖాళీగనే ఉందా? నాకింకా హాస్టల్ దొరకలే.”