ట్రేడ్‌మార్కు పడ్డ పిలుపు

ఆదివారం పొద్దున్న రాజారావు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, సత్తమ్మ ఇంటికి వెళ్లి శుభవార్త చెప్పడం, సాయంత్రం కబడ్డీ మ్యాచ్‌లో కొత్త టీషర్టులు విడుదల చేయడం, చీకటి పడకముందే ఇల్లు చేరడం. భీమవరం వైపు నుంచి వచ్చి శామీర్‌పేట కాలనీలో ఇల్లు కట్టుకున్న ఈ రిటైర్డ్ బ్యాంకు మేనేజరుకు ఊరికే కూర్చోవడం చేతకాదు. అందుకని అలియాబాద్ కుర్రాళ్ల కబడ్డీ జట్టుకు అధ్యక్షుడయ్యారు. రమ్మన్నవాళ్లు లేరు, వద్దన్నవాళ్లూ లేరు.

ఆ జట్టుకు ఆటకన్నా నినాదమే ఎక్కువ పేరు తెచ్చింది. దానికి మూలం కెప్టెన్ జైపాల్ తల్లి సత్తమ్మ. ఆమె పెనిమిటి వీరయ్య చెరువులో చేపలు పడతాడు. పొద్దుగూకేవేళ ఆమె గట్టెక్కి, "ఓ... ఇగ రావయ్యా, సల్లగైతాంది!" అని కేకేస్తుంది. మొగుడి పేరు నోట పలకకూడదన్న పట్టింపుతో కొత్తకోడలిగా ఉన్నప్పుడు కనిపెట్టిన కేక అది. గట్టు పక్కనే ఆటస్థలం. అవతలి జట్టువాడు కూతకు రావడానికి జంకితే చాలు, కుర్రాళ్లంతా అదే కేక అందుకునేవారు. అది మేడ్చల్ దాకా పాకి, అక్కడెవడో టోపీల మీద అచ్చేసి అమ్మడం మొదలుపెట్టాడు. రాజారావు గారికి ఒళ్లు మండి ట్రేడ్‌మార్కుకు దరఖాస్తు పెట్టారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అది వచ్చేసిందనే ఆయన లెక్క.

"సత్తమ్మగారూ, ఇహ ఆ మాట మన టీముదేనండీ. పర్మిషన్ లేకుండా ఎవరూ వాడకూడదు" అన్నారు వాకిట్లో నిలబడి.

"గదేంది సార్? మా ఆయిన్ను గూడ పిలవొద్దా?"

సరిగ్గా అప్పుడే రాజారావు గారి చెవిలో దూర్చుకున్న ఫోను బుడిపె మోగింది. టోపీలవాడు. "కుదరదంటే కుదరదండీ! ఎన్నాళ్లనుంచి వాడుతున్నా సరే, ఇంకొక్కసారి వాడితే కేసు పెట్టేస్తాను!" అని అరుస్తూ ఆయన స్కూటరెక్కి వెళ్లిపోయారు. సత్తమ్మకు కనబడింది ఆయన కోపమే కాని చెవిలో బుడిపె కాదు. తన నోటివల్ల ఇంటి మీదికి కేసు వస్తుందేమోనని ఆమెకు భయం పట్టుకుంది.

సాయంత్రమైంది. వీరయ్య వల వేసి తెప్ప మీద కూర్చుని గట్టు వైపు చెవి పెట్టాడు. సత్తమ్మకు ఇంట్లో తీపి మాటలు రావు. జ్వరమొస్తే కషాయం ఇచ్చి కసురుతుంది. ఆ ఒక్క కేకలోనే, తన కోసం ఒక మనిషి ఎదురుచూస్తోందని వీరయ్యకు తెలిసేది. దానికోసం అతను రోజూ పని అయిపోయినా ఒక్క ఘడియ ఆగేవాడు. ఆ పూట కేక రాలేదు. పొద్దున పులుసులో ఉప్పు ఎక్కువైందని అన్నాడు. దానికే అలిగిందనుకుని, పిలిచేదాకా ఒడ్డెక్కేది లేదని భీష్మించుకున్నాడు. లోపల మాత్రం బెంగగానే ఉంది.

గట్టు మీద సత్తమ్మకు ఏం చేయాలో తోచలేదు. ఆ మాట అంటే కేసు. పేరు పెట్టి పిలిస్తే పాపం. చివరికి స్టీలు పళ్లెం తెచ్చి గరిటెతో దబదబా బాదింది. చప్పుడు చేసి చేపల్ని వలలోకి తోలడం వాళ్లకు అలవాటే. "కోపంల గూడ నా వలకే చేపలు తోల్తాంది" అని మురిసిపోయి వీరయ్య తెప్పను ఇంకా లోపలికి పోనిచ్చాడు.

పళ్లెం మోత విని మక్కచేను రైతులు అడవిపందులు పడ్డాయనుకున్నారు. కర్రలు పట్టుకుని ఉరికారు. కర్రలు చూసి, మ్యాచ్ ఆడటానికొచ్చిన మేడ్చల్ జట్టు తమమీదికే వస్తున్నారనుకుని వ్యానెక్కి తలుపులు వేసుకుంది. గట్టు మీద జనాన్ని చూసి ఎవరో, "వీరయ్య మునిగిండంట!" అన్నారు. టీషర్టుల పెట్టె వదిలేసి రాజారావు గారు మైకుతో సహా పరుగెత్తుకొచ్చారు.

"బాపూ! ఒడ్డుకు రా!" అని జైపాల్ అరిచాడు. గాలి ఎదురు కొట్టి ఆ మాట చెరువు దాటలేదు.

"అందరూ కలిసి అనండయ్యా, ఆయనకు అలవాటైన మాట!" అన్నారు రాజారావు గారు. ఊరంతా ఒక్కగొంతుతో, "ఇగ రావయ్యా, సల్లగైతాంది!" అని చెరువు దద్దరిల్లేలా అరిచింది.

వీరయ్య తల కూడా తిప్పలేదు. మ్యాచ్ మంచి పట్టు మీద ఉందనుకున్నాడు. అంత గోలలో తను వెతికే గొంతు లేదు.

చీకటి ముసురుతోంది, ఎదురుగాలి తగ్గింది. తెప్ప చుక్కంత కనబడుతోంది. సత్తమ్మ పళ్లెం కింద పడేసింది. కొంగు నడుముకు దోపింది.

"వీరయ్యా! ఓ వీరయ్యా! యాడున్నవయ్యా!"

చెరువు నడుమ వీరయ్య చేతిలోని తెడ్డు జారి నీళ్లలో పడింది. తన పేరు తల్లి నోట విన్నాడు, తోటి జాలర్ల నోట విన్నాడు. ఈ గొంతులో ఇన్నేళ్లకు ఇవాళే. రెండు చేతులతో నీళ్లు తోసుకుంటూ, ఏడుస్తూ, నవ్వుతూ ఒడ్డుకొచ్చాడు.

"మల్లొక్కపాలి అను" అన్నాడు.

"సిగ్గు లేదా? నడువు ఇంటికి!" అంది సత్తమ్మ.

సంగతంతా తెలిసి రాజారావు గారు తల పట్టుకున్నారు. "ఏవిటమ్మా ఇది! టోపీల మీద అచ్చేయకూడదన్నాను గాని, మీ ఆయన్ని పిలవద్దన్నానా? నిక్షేపంగా పిలుచుకోండి!"

మర్నాడు సాయంత్రం, తన అనుమతి అమలవుతోందో లేదో చూద్దామని ఆయనే గట్టుకొచ్చారు. సత్తమ్మ, "ఇగ రావయ్యా, సల్లగైతాంది!" అని రెండుసార్లు కేకేసింది. తెప్ప కదల్లేదు.

"వినబడలేదేమోనండీ?" అన్నారాయన కంగారుగా.

"మస్తు ఇనవడ్డది సార్. గీ మాట ఇగ సాల్తలేదంట ఆయినకు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీరు జర అటు తిరుగుండ్రి."

రాజారావు గారు బుద్ధిగా అటు తిరిగి, రెండు చెవులూ గట్టిగా మూసుకున్నారు. వింటే దరఖాస్తు పెట్టాలనిపిస్తుందేమోనని ఆయన భయం.