ముగ్గురైన మా అమ్మాయి

మనిషికి ఉద్యోగం సులువుగా దొరికిపోకుండా చూడటానికి మానవజాతి ఇంతవరకు మూడు మార్గాలు కనిపెట్టింది. ఒకటి, కంపెనీకి నేరుగా దరఖాస్తు పెట్టుకోవడం. రెండు, మనుషుల్ని వెతికిపెట్టే మధ్యవర్తి కంపెనీ చేతికి చిక్కడం. మూడు, లోపల పనిచేసే తెలిసినవాళ్ళ చేత ఒక మాట చెప్పించుకోవడం. వీటిలో ఏ ఒక్కటి పట్టుకున్నా ఆర్నెల్లు ఇట్టే గడిచిపోతాయి. మూడూ ఒకేసారి పట్టుకుంటే ఏమవుతుందో మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. ఆ పని చేసింది నేనే కనుక రాసే బాధ్యత కూడా నా మీదే పడింది.

మా అమ్మాయి రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. ఏడేళ్ళు పనిచేసిన చిన్న ల్యాబు మూతపడి అప్పటికి ఐదు నెలలు. నెలల పిల్లలకైనా మొదటిసారే నరం దొరికించుకునే చెయ్యి దానిది. ఆ చెయ్యి పని మర్చిపోకుండా రోజూ పొద్దున్నే వాళ్ళ నాన్న మోచేతి పైన రబ్బరు ట్యూబు కట్టి, వేలితో నరం వెతికి, గుచ్చకుండానే విప్పేసేది. ఆయన రెండో చేత్తో పేపరు పట్టుకుని చదువుకునేవారు. నాకు మాత్రం ఆ ట్యూబు చూసినప్పుడల్లా దిగులే. ఇంకో ఆర్నెల్లు ఇలాగే పోతే, ఇన్నాళ్ళు ఖాళీగా ఎందుకున్నావని అడిగేవాళ్ళే తప్ప దానికి పనిచ్చేవాళ్ళు ఉండరని.

అప్పుడే ఊళ్ళోకెల్లా పెద్ద ల్యాబులో రక్తం తీసే చోట ఒక ఖాళీ పడింది.

సోమవారం అమ్మాయి నేరుగా దరఖాస్తు పెట్టింది. తన వివరాలన్నీ ఉన్న కాగితాన్ని కంప్యూటరుకి ఎక్కించమన్నారు, ఎక్కించింది. తరువాత ఆ కాగితంలో ఏముందో మళ్ళీ మొదటినుంచి టైపు చెయ్యమన్నారు. (కాగితాన్ని చదవడం కంపెనీ గౌరవానికి తక్కువ కాబోలు.) ఆపైన పన్నెండు బొమ్మలు చూపించి, నువ్వు మనిషివే అయితే ఇందులో బస్సులు ఎక్కడున్నాయో చెప్పమన్నారు. చెప్పింది. "ఐదేళ్ళ తరువాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు" అన్న ప్రశ్నకు "ల్యాబులో" అని రాసింది. పొగరనుకుంటారేమో, "మీ ల్యాబులో" అని మార్చమన్నాను. మార్చింది. "మీ దరఖాస్తు మాకెంతో ముఖ్యం" అని ఒక జవాబు వచ్చింది. అంత ముఖ్యమైన దాన్ని ఎక్కడో జాగ్రత్తగా దాచి మర్చిపోయారని బుధవారానికి నాకు ఖాయమైపోయింది.

గురువారం అమ్మాయి ఫోను మోగితే నేనెత్తాను. మధ్యవర్తి కంపెనీ నుంచి ఒకావిడ.

"క్యాండిడేటేనా అండీ మాట్లాడేది?"

"అది మేడ మీద బట్టలారేస్తోందండీ. నేను వాళ్ళమ్మని."

"పర్లేదండీ, మీరైనా ఒకటే. పెద్ద ల్యాబులో ఖాళీ ఉంది, మా తరపున పంపిస్తాం. ఓకే అనండి చాలు, కాల్ రికార్డవుతోంది."

ఇదివరకే దరఖాస్తు పెట్టుకుందని చెబితే ఈవిడకి కోపమొచ్చి దాన్ని కూడా తీయించేస్తుందేమోనని భయమేసింది. అలాగని కాదంటే, కాదన్నవాళ్ళ జాబితా ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది. ఓకే అన్నాను. అమ్మాయితో చెప్పలేదు.

ఆదివారం మా బిల్డింగులోనే మూడో అంతస్తుకి వెళ్ళాను. ఆ ఇంటాయన అదే ల్యాబు స్టోర్సులో సిరంజిలూ దూదీ వచ్చిందెంతో పోయిందెంతో లెక్క రాస్తుంటారు.

"ఇంత చిన్నదానికి మొహమాటమేంటి వదినా, అది మా కళ్ళముందు పెరిగిన పిల్ల కాదూ?" అంది వాళ్ళావిడ.

"నా ఉద్యోగి కోడ్ వేసి దాని పేరు పెడతా చెల్లెమ్మా," అన్నారు ఆయన. "చేరి మూడు నెలలు ఉంటే చాలు, తెచ్చినవాళ్ళకి కంపెనీ చక్రాల సూట్‌కేసు ఇస్తుంది. మీ వదిన ఎప్పట్నుంచో అడుగుతోంది."

ఎవరి పుణ్యం వాళ్ళదనుకుని కిందికి దిగాను. ఆ పూట చాలా రోజుల తరువాత మెతుకు సయించింది.

పది రోజులకి ల్యాబు నుంచి ఉత్తరం వచ్చింది. "మా వ్యవస్థలో మీరు ముగ్గురుగా ఉన్నట్టు గమనించాము. వీరిలో ఇద్దరు లేరని రుజువయ్యేవరకు మూడవవారిని పరిశీలించుట సాధ్యపడదు." కింద నకళ్ళ నివారణ అధికారి సంతకం. అమ్మాయి ఆయనకు ఫోను చేసింది, అందరికీ వినపడేలా.

"సార్, నేను ఒక్కదాన్నేనండీ."

"ముగ్గురూ అదే అంటారమ్మా."

"ముగ్గురిదీ పేరొకటే, పుట్టినరోజొకటే, ఫోటో ఒకటే కదండీ."

"అందుకేగా అనుమానమొచ్చింది. అయినా దిగులుపడకండి, ఎంపికైనవాళ్ళకే ఈ తనిఖీ. సోమవారం మీరు పెట్టింది చూసి మా ల్యాబు డాక్టరుగారు మంగళవారమే టిక్కు పెట్టేశారు. కంగ్రాచులేషన్స్."

అమ్మాయి ఫోను పెట్టేసి, "ఆ మిగతా ఇద్దర్నీ ఎవరు పెట్టారో," అంది. నేను వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

అభ్యర్థి ఎవరికి చెందుతుందో తేల్చడానికి ఆ ల్యాబులో ఒక సంఘమే ఉంది. నెలకోసారి కూర్చుంటుంది. అద్దాల గదిలో పొడుగాటి బల్ల, హక్కు కోరేవాళ్ళందరికీ తలా ఒక కుర్చీ, తలా ఒక మంచినీళ్ళ సీసా. అమ్మాయి హక్కుదారు కిందికి రాదు, వివాదం కిందికి వస్తుంది కనుక దానికి కుర్చీ వెయ్యలేదు. టీ ఫ్లాస్కు పక్కన నిలబడింది. (ఫ్లాస్కుకి బల్ల ఉంది.) నేను తోడొచ్చిన మనిషినని తలుపు దగ్గర నిలబడనిచ్చారు. పెద్ద కుర్చీలో ఉన్నావిడని అందరూ హక్కుల మేడం అంటున్నారు.

మూడో అంతస్తాయన ముందు లేచారు. "ఈ పిల్ల పాలపళ్ళు ఊడినప్పట్నుంచీ నేనెరుగుదును మేడం."

"ఎరగడం వేరు, కనిపెట్టడం వేరు," అంది మధ్యవర్తి కంపెనీ ఆవిడ. "ఈ క్యాండిడేట్‌ని మేం కనిపెట్టాం."

"ఎక్కడ కనిపెట్టారు? మా మెట్ల మీదేగా ఉంటుంది రోజూ?"

"మెట్ల మీద ఉందని మీరు కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేశారా?"

ఆయన కూర్చున్నారు. అమ్మాయి ఫ్లాస్కు పక్క నుంచి, "అందరికంటే ముందు పెట్టుకుంది నేనండీ, సోమవారం," అంది.

మేడం పేజీలు తిప్పారు. "మీ అంతట మీరు వచ్చారు. అంటే మిమ్మల్ని ఎవరూ తేలేదు. ఎవరూ తేకుండా వచ్చినవాళ్ళది అన్నిటికంటే కింది హక్కు."

"మరి దరఖాస్తు పేజీ ఎందుకండీ పెట్టడం?"

"పారదర్శకత కోసం."

తరువాత మధ్యవర్తి కంపెనీ ఆవిడ తన ఫోను బల్ల మీద పెట్టి ఒక మీట నొక్కింది. "ఓకే అండీ, ఓకే. మీ దయ," అంది నా గొంతు. గదిలో అందరూ స్పష్టంగా విన్నారు. అమ్మాయి నావైపు తిరిగి, ఇంకోసారి ఫోను వైపు చూసి, తలొంచుకుంది.

"నేనండీ ఆ మాటంది, అది కాదు," అన్నాను తలుపు దగ్గర్నుంచి. "దానికసలు తెలీదు. నేను వాళ్ళమ్మని."

"అమ్మ అనే గడి మా ఫారంలో లేదండీ," అన్నారు మేడం. మర్యాదగానే అన్నారు.

తీర్పు అక్కడే చదివారు. అభ్యర్థి పన్నెండు నెలలపాటు మధ్యవర్తి కంపెనీకి చెందుతుంది. ఈ గడువులో వేరే దారిన ల్యాబు గడప తొక్కరాదు. స్వయంగా వచ్చిన అభ్యర్థి మీద పెట్టిన టిక్కు, స్వయంగా వచ్చిన అభ్యర్థి లేనట్టు తేలినందున, రద్దు.

బయట బస్సు కోసం నిలబడ్డాం. రెండు బస్సులు వెళ్ళనిచ్చి అప్పుడడిగింది.

"నన్నొక్కమాట అడగొచ్చు కదమ్మా."

"ఒకటి కాకపోతే ఇంకొకటుంటుందని చేశానే. ఊరికే కూర్చుంటే ఎలాగని."

"ఒక్కదాంతోనే అయిపోయిందమ్మా. మంగళవారమే అయిపోయింది."

కోపంగా అన్నా బాగుండేది. టైము చెప్పినట్టు చెప్పింది.

మర్నాడు మధ్యవర్తి కంపెనీకి ఫోను చేస్తే ఆవిడ చాలా సంతోషించింది. ఎప్పుడు పంపిస్తారని అడిగితే, ఆ ల్యాబుతో తమ ఒప్పందం నెలాఖరుతో ముగిసిపోతోందనీ, ఇకమీదట అక్కడికి మనుషుల్ని పంపరనీ చెప్పింది. ఒప్పందం ముగిసినా హక్కు ముగియదట. వేరే చోటికైనా పంపమంటే, ప్రస్తుతం రక్తానికి గిరాకీ లేదనీ, ఇన్సూరెన్సు అమ్ముతుందేమో అడిగి చెప్పమనీ అంది. మూడో అంతస్తు వదిన ఆ రోజు నుంచి నేనెక్కిన లిఫ్టు ఎక్కడం మానేసింది. మా ఆయన మాత్రం పొద్దున్నే చొక్కా చెయ్యి మడిచి రెండు మూడు రోజులు కూర్చున్నారు. ట్యూబు పట్టుకుని ఎవరూ రాకపోతే చెయ్యి దించేసుకున్నారు.

మూడు నెలలకి నాకు కళ్ళు తిరిగి డాక్టరు దగ్గరికి వెళితే పరీక్షలు రాసిచ్చాడు. అన్నీ చేసేది ఆ పెద్ద ల్యాబొక్కటే. అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. (రోగి తోడుగా గడప తొక్కొచ్చో లేదో తీర్పులో రాయలేదు. బయట కాసేపు తటపటాయించాం.) లోపల నలభై మంది కూర్చుని ఉన్నారు. రక్తం తీసే కుర్చీలు రెండు. ఒకదాని మీద దుప్పటి కప్పి ఉంది.

రెండో కుర్చీ దగ్గర తెల్లకోటు ఆయన నాకు రెండుసార్లు గుచ్చాడు, నరం దొరకలేదు. చెమట తుడుచుకుని మూడోసారి సూది తీశాడు.

"కొంచెం లోపలి పక్కకండీ," అంది అమ్మాయి, చేతులు వెనక్కి పెట్టుకుని. "అక్కడ లోతుగా ఉంటుంది. వేలితో చూడండి, తగులుతుంది."

తగిలింది. సిరంజి నిండింది. ఆయన మా అమ్మాయి మొహంలోకి చూసి ఏదో అడగబోయేలోపు తరువాతి నంబరు పిలిచారు.

దూది అదుముకుని కౌంటరు దగ్గరికి వచ్చాను. రిపోర్టు రేపటికి కాదనీ, నాలుగు రోజులు పడుతుందనీ చెప్పింది అక్కడి అమ్మాయి.

"ఏం చెయ్యమంటారాంటీ, నాలుగైదు నెలల్నుంచి ఆ కుర్చీ ఖాళీ. పని తెలిసినవాళ్ళు దొరకట్లేదు. ఈ రోజుల్లో ఎవరికి కావాలండీ ఉద్యోగాలు. మీ ఎరికలో ఎవరైనా ఉంటే చెప్పండి, ఈవేళే పేరు రాసుకుంటా."

మా అమ్మాయి నా పక్కనే నిలబడి, నా చేతిసంచీ పట్టుకుని, నా మొహం వైపే చూస్తోంది.

ఎవరూ లేరమ్మా అన్నాను. ఈసారి నా వల్ల ఏ పొరపాటూ జరగలేదు.