గుడ్డు ఇంకా చర్చలో ఉంది

పిల్లలకు బలం గుడ్డు తింటే వస్తుందని మీలో చాలామంది నమ్ముతున్నారు. పాపం, పాతకాలపు నమ్మకం! బలం గుడ్డులో లేదు. గుడ్డు గురించి జరిగే కాన్ఫరెన్స్ కాల్‌లో ఉంది.

నమ్మకం కుదరకపోతే అమెరికాలో, ఇర్వింగ్‌లో ఉండే ఉమాకాంత్‌ని అడగండి. వారమంతా ఆయన లాస్ కొలీనాస్‌లో ఒక కంపెనీకి ప్రాజెక్ట్ మేనేజర్. శనివారం పొద్దున మాత్రం దేవుడికి ప్రాజెక్ట్ మేనేజర్. అక్కడి తెలుగు క్రైస్తవ సహవాసం వాళ్ళు గుంటూరు జిల్లాలో, మిరప చేల మధ్య ఉన్న చినతోటపాలెం అనే పల్లెలో, కూలీల పిల్లల కోసం ఒక కేంద్రం పెట్టారు. పిల్లల్ని పొద్దున చేర్చుకుని, మధ్యాహ్నం అన్నం పెట్టి, చదువు చెప్పి, సాయంత్రం తల్లులకు అప్పగించేది కనకదుర్గ. ఆవిడ ఇవన్నీ సరిగ్గా చేస్తోందా లేదా అని అడిగేది ఉమాకాంత్. రెండింటిలో ఏది కష్టమైన పనో మీకు వేరే చెప్పాలా?

ప్రతి శనివారం ఇక్కడ కాఫీ వేళకి, అక్కడ దీపాలు పెట్టే వేళకి కాల్. ఇర్వింగ్ నుంచి ఉమాకాంత్, కాపెల్ నుంచి రాధారాణి, షామ్‌బర్గ్ నుంచి అనుదీప్. ఈ ముగ్గురే కమిటీ. అవతల కనకదుర్గ ఒక్కతే. అడగడానికి ముగ్గురు, చేయడానికి ఒకరు. ఆఫ్‌షోర్ మోడల్ అంటే ఇదే కదా!

కాల్ ప్రార్థనతో మొదలవుతుంది. ప్రార్థన మధ్యలో ఎవరో ఒకరు ఆలస్యంగా వచ్చినట్టు టింగుమని శబ్దం. ఆమెన్ అనగానే "ఎవరు జాయిన్ అయ్యారు?" అని ఉమాకాంత్, "నేను వినిపిస్తున్నానా?" అని అనుదీప్, "ఎవరో మ్యూట్ చేసుకోలేదు" అని రాధారాణి. ఈ మూడు మాటలూ తేలేసరికి కనకదుర్గ ఇంట్లో పొయ్యి మీద అన్నం అడుగంటుతుంది.

మొదట్లో ఒక కాల్ మొత్తం ఆవిడ పేరు మీదే నడిచింది. క్రైస్తవ సేవలో ఉన్న మనిషికి కనకదుర్గ అనే పేరేమిటని రాధారాణికి సందేహం వచ్చింది. ఆలోచించాల్సిన విషయమేనని ఉమాకాంత్ గంభీరంగా ఒప్పుకున్నాడు. రాధారాణి, ఉమాకాంత్ అనే పేర్లు ఏ సువార్తలోంచి వచ్చాయో ఆ రోజు ఎవరికీ అడగాలని తోచలేదు.

ఇక గుడ్డు సంగతికి వద్దాం. వానాకాలంలో ఒక శనివారం కనకదుర్గ తనంతట తానే నోరు విప్పింది.

"సార్, మిరప కోతలు మొదలైతే తల్లులు చీకటితో పోయి చీకటి పడ్డాకే వస్తారండి. మధ్యాహ్నం తిన్న అన్నం సాయంత్రానికి ఏముంటదండి? పోయిన ఏడు పిల్లలు నీరసంతో వాలిపోయారు. ఈసారి సాయంత్రం తలా ఒక గుడ్డు ఉడకబెట్టి పెడదామండి. మీరు పంపిన డబ్బుల్లోనే సరిపెడతాను. మీరు సరే అంటే చాలు."

సరే అంటే చాలట! ఎంత అమాయకత్వం! సరే అనే మాట అంత తేలిగ్గా దొరికితే ప్రాజెక్ట్ మేనేజర్లు ఏం తిని బతకాలి?

గుడ్డు ఎజెండా ఎక్కింది. నాటు గుడ్డా, ఫారం గుడ్డా అన్నాడు అనుదీప్. ఆయన షామ్‌బర్గ్‌లో కొనే గుడ్ల డబ్బా మీద కోళ్ళు స్వేచ్ఛగా తిరుగుతాయని రాసి ఉంటుంది. చినతోటపాలెం కోళ్ళ స్వేచ్ఛ గురించి మన దగ్గర డేటా ఉందా?

"మా కోళ్ళు ఇళ్ళలోకే వచ్చేస్తయ్యండి. తరిమినా పోవు" అంది కనకదుర్గ. ఆ జవాబును నిర్ధారించుకోవాలని రాసుకున్నారు.

తరవాతి కాల్‌లో రాధారాణి కొలెస్టరాల్ ఎత్తింది. ఎముకలు లెక్కపెట్టుకోవడానికి వీలుగా ఉన్న ఆ పిల్లల గుండె ఆరోగ్యం గురించి అంతవరకూ ఎవరైనా ఆలోచించారా?

"వైట్స్ మాత్రమే పెట్టండి కనకదుర్గ గారూ. మా ఇంట్లో అంతే."

"మరి పచ్చసొన ఏం చేయాలి మేడమ్?"

"అది నెక్స్ట్ కాల్‌లో డిస్కస్ చేద్దాం."

ఉమాకాంత్‌కి దాతల బెంగ పట్టుకుంది. ఆఫీసులో శాకాహారులైన మిత్రులు కూడా మంచి మనసుతో చెక్కులిచ్చారు. వాళ్ళ డాలరు వాళ్ళకి తెలియకుండా గుడ్డుగా మారితే? శాకాహారుల డాలర్లు పప్పులోకి, మాంసాహారుల డాలర్లు గుడ్డులోకి వెళ్ళేలా పచ్చ బాణాలు, ఎర్ర బాణాలు వేసి ఒక స్లైడ్ తయారు చేశాడు. స్లైడ్ చాలా బాగుందని అందరూ మెచ్చుకున్నారు. కనకదుర్గ దగ్గర కంప్యూటర్ లేదు కాబట్టి బాణాల రంగులు నోటితో వివరించారు.

కోడి కింద గుడ్డు పెడితే మూడు వారాల్లో పిల్ల బయటికొస్తుంది. కమిటీ చర్చించిన కాలంలో ఆ గుడ్డు పిల్లయి, పెట్టయి, తానూ గుడ్లు పెట్టి పొదిగి, తల్లి హోదాలో పిల్లల్ని వెంటేసుకుని పెంటకుప్ప మీద తిరుగుతోంది. ఎజెండాలో గుడ్డు మాత్రం గుడ్డుగానే ఉంది. ఇంత నిలకడ ఏ కోడికైనా సాధ్యమా?

ప్రభువు ఐదు రొట్టెలూ రెండు చేపలతో వేలమంది కడుపు నింపిన రోజున ఇలాంటి కమిటీ ఒకటి అక్కడ లేకపోవడం ఎంత లోటో ఆలోచించండి! చేపలు ఏ నీళ్ళవి, రొట్టెలో గ్లూటెన్ ఎంత, మిగిలిన గంపలకు ఎవరు బాధ్యులు, ఇవన్నీ తేలేవరకు జనాన్ని పచ్చిక మీద క్రమశిక్షణగా కూర్చోబెట్టి ఉంచేవాళ్ళు. తొందరపడి తినిపించేశారు.

ఉమాకాంత్ చెడ్డవాడనుకునేరు! కాదు. క్యూబికల్‌లో సొంత కూతురి ఫోటో పక్కనే ఆ పిల్లల ఫోటో పెట్టుకున్నాడు. భోజనానికి ముందు వాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెప్పి ప్రార్థన చేస్తాడు. కాకపోతే అతని ప్రేమ స్టేటస్ కాల్ రూపంలో తప్ప బయటికి రాదు. పదేళ్ళ కార్పొరేట్ కొలువు మనిషిని అలా చేస్తుంది.

అంతలో 2009 ఫిబ్రవరి వచ్చింది. అక్కడ కోతలు జోరందుకున్నాయి. ఇక్కడ కంపెనీలన్నీ పొదుపు జపం చేస్తున్నాయి. ఉమాకాంత్ వాడుకుంటున్నది ఆఫీసు వాళ్ళ కాన్ఫరెన్స్ లైన్. దాన్ని ఒక శుక్రవారం పీకేశారు. కొత్త లైన్ ఏది తీసుకోవాలో చర్చించాలి. చర్చించడానికి లైన్ లేదు!

శనివారాల మీద శనివారాలు గడిచిపోయాయి. ఉమాకాంత్‌కి కాఫీ రుచించలేదు. మనం అడగకపోతే అక్కడ పిల్లలు ఎలా పెరుగుతారని అనుదీప్‌కి ఈమెయిల్ రాశాడు. భయమే మరి అని అనుదీప్ జవాబిచ్చాడు.

చివరికి మార్చిలో కొత్త లైన్ దొరికింది. ప్రార్థన అయ్యీ అవకముందే అవతలి నుంచి ఒకటే గోల.

"కనకదుర్గ గారూ, బ్యాక్‌గ్రౌండ్ నాయిస్ ఎక్కువగా ఉంది. కాస్త టీవీ ఆఫ్ చేయండి" అన్నాడు ఉమాకాంత్.

"టీవీ ఎక్కడిదండీ? పిల్లలు సార్, కబడ్డీ ఆడుతున్నారు."

"ఇంతకుముందు ఈ టైమ్‌కి ఇంత గొడవ ఉండేది కాదే?"

"అప్పుడు ఓపికుండేది కాదండి. చాపల మీద పడుకుని తల్లుల కోసం చూసేవాళ్ళు." కనకదుర్గ గొంతు తగ్గించింది. "గుడ్డు పెడుతున్నానండి. మీ కాల్ రాలేదు, పిల్లలేమో వాలిపోతున్నారు. మా ఊరి పాస్టరు రాజారావు గారిని అడిగాను. పెట్టమ్మా, వాళ్ళకి నేను చెప్తాలే అన్నారు. పచ్చసొనతోనే పెట్టేశానండి. తప్పయితే ఆపేస్తాను."

"అంటే ప్రాసెస్ బైపాస్ చేశారన్నమాట" అంది రాధారాణి.

"పాస్టర్ గారికి అప్రూవ్ చేసే అథారిటీ ఉందా?" అన్నాడు అనుదీప్. "ముందు గుడ్లు ఆపేద్దాం. తర్వాత ప్రాపర్‌గా ఎజెండాలో పెట్టి ఓటింగ్‌కి వెళ్దాం."

ఉమాకాంత్ ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాడు. అవతల ఎవరో పిల్లవాడు కూత విడవకుండా అరుస్తున్నాడు. ఇంకొకత్తె తాను ఔట్ కాలేదని కనకదుర్గతో తగువు పెట్టుకుంటోంది. ఆ పిల్లల నీరసాన్ని ఇన్నాళ్ళూ తను మంచి లైన్ అనుకున్నాడు. నిజంగా సిగ్గేసింది. వెంటనే భయమూ వేసింది. ఓటింగ్‌కి వెళితే గుడ్డు ఈ కోతలు అయ్యేలోగా బయటపడదని అతనికంటే బాగా ఎవరికి తెలుసు?

అప్పుడు తన అనుభవమంతా కూడగట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఫ్రెండ్స్, ఇది చాలా సీరియస్ మేటర్. తొందరపడి అప్రూవ్ చేయకూడదు, తొందరపడి ఆపకూడదు. గుడ్డు మీద ఒక సబ్ కమిటీ వేద్దాం. డీప్‌గా స్టడీ చేసి రిపోర్ట్ ఇవ్వాలి. అది వచ్చేదాకా అక్కడ ఎలా నడుస్తోందో అలాగే నడవనిద్దాం. కనకదుర్గ గారు కాల్స్‌కి రానక్కర్లేదు."

"చైర్ ఎవరు?" అంది రాధారాణి అనుమానంగా.

"మీరే. కో చైర్ అనుదీప్."

తీర్మానం ఏకగ్రీవం! సబ్ కమిటీ ఇప్పటికీ శ్రద్ధగా పనిచేస్తోంది. పచ్చసొన అధ్యాయం పూర్తి కావస్తోందని తెలిసినప్పుడల్లా ఉమాకాంత్ ఒక కొత్త ప్రశ్న పంపిస్తాడు. మొన్న పంపింది, గుడ్డు మీద ఉప్పు చల్లాలా, మిరియాల పొడి చల్లాలా అని. దాని మీద ఇద్దరికీ తీవ్రమైన అభిప్రాయభేదాలు వచ్చాయట. చినతోటపాలెంలో రెండో ఏడు కోతలు కూడా అయిపోయాయి.

కాబట్టి పాఠకులారా, కమిటీలను ఆడిపోసుకోకండి. మీ సంఘంలోనూ ఒకటి ఉంటే దానికి చేతినిండా పని కల్పించండి. వాళ్ళు ఎంత ఎక్కువగా మాట్లాడుకుంటే పిల్లలు అంత బాగా తింటారు. ఒక్కటే జాగ్రత్త. వడ్డించే మనిషిని మాత్రం ఆ కాల్‌లోకి పిలవకండి.